ఎడమ పుల్లకు కట్టిన తాడు

తమ్ముడు సాయిలు దినాలు అయిపోయిన మర్నాడు, వాడి కోడలు అటక మీది నుంచి ఒక రేకు పెట్టె దింపి నా ముందు పెట్టింది. "పెద్దత్తా, గీ పెట్టెను మా మామ ఎవ్వల్ని ముట్టనియ్యలే. మీ బాపు సామానంట గదా, నువ్వే సూడు" అని చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కొంగు అడ్డం పెట్టి గుంజితే వచ్చింది. మొదట కనిపించింది రెండు చోట్ల వంపు తిరిగిన ఇనుప హ్యాండిలు, దానికి చుట్టి ఉన్న సుతిలి తాడు. పాత గుడ్డలో నాలుగు ప్లగ్గులు. అన్నిటికన్నా అడుగున అరచేతి అంత నల్లటి మైనపు గుడ్డ మూట. నాలుగు పక్కలా కుట్లు, మీద రాయిలా గట్టిపడ్డ పసుపు. ఆ మూటను చూడగానే నా కుడిచెయ్యి దానంతట అదే చంక కిందికి పోయింది. ఎండలు ముదిరిన రోజులు, చలి ఎక్కడా లేదు. అయినా పోయింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని, ఆ చేతిని బయటికి తీయడానికి కొంచెంసేపు పట్టింది.

మాది ఎల్లారెడ్డి. బాపు పేరు పోచయ్య. పటేలు ఇంట్లో ఎడ్లబండి తోలేవాడు. పటేలు ఒకసారి సికింద్రాబాదు పోయి అక్కడ ఎవరో వాడి వదిలేసిన కారు కొనుక్కొచ్చాడు. రైలుకు పోయే మనుషులను కామారెడ్డి స్టేషనుకు చేరవేయడానికి పనికొస్తుందని ఆయన ఆలోచన. కారును తోలుకొచ్చిన మనిషి పదిహేను రోజులు ఉండి బాపుకు నడపడం నేర్పిపోయాడు. ఎడ్లు తోలిన చేతులకు చక్రం తొందరగానే అలవాటైంది. నల్లమూట అప్పటికే స్టీరింగు కడ్డీకి వేలాడుతూ ఉంది. అదేమిటని బాపు అడిగితే, "ఎనుకటి డ్రైవరు కట్టిండు, గోదారి దిక్కు మనిషి. నేను ఇప్పలే, నువ్వు గూడ ఇప్పకు" అన్నాడట. ఇక మా ఇంట్లో అది తాయెత్తు. తాయెత్తును విప్పితే బలం పోతుంది. శుక్రవారం శుక్రవారం అవ్వ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. కారు ఎక్కే ముందు పటేలు కూడా దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. ఆయనకు తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. కానీ చదువు వచ్చినవాళ్లు కూడా తాయెత్తును చదవాలనుకోరు.

వానాకాలంలో, ఎండాకాలంలో ఆ కారు మంచిదే. చలి మొదలైతేనే మా ఇంట్లో అందరికీ భయం పట్టుకునేది. మా గుడిసె పటేలు కొట్టం పక్కనే. పొద్దున కోడి కూయగానే బాపు లేచి బయటికి పోయి గాలిని మూతితో పీల్చి చూసేవాడు. పళ్లు జివ్వుమంటే లోపలికి వచ్చి, "ఇయ్యాల సతాయిస్తది" అనేవాడు. ఆ మాట వినగానే అవ్వ కాగు కింద మంట పెట్టేది. ఆ నీళ్లు మా స్నానాలకు కావు, కారుకు. కాగిన నీళ్లను రెండు బిందెల్లో మోసుకుపోయి ముందున్న ఇనుప పొట్టలో పోస్తే లోపల గడ్డకట్టిన నూనె కొంచెం సడలుతుందని బాపు ఒక చలికాలమంతా చూసి చూసి కనిపెట్టాడు. రెండో చలికాలం ప్లగ్గుల సంగతి కనిపెట్టాడు. పొద్దున నాలుగూ విప్పుకొచ్చి పొయ్యి అంచున వేడి బూడిదలో పూడ్చేవాడు. వాటిని కాపలా కాయడం నా పని. పిడకల పొగ, అవ్వ బీడీలకు నానేసిన తునికాకు వాసన, బాపు బట్టల పెట్రోలు వాసన, మూడూ కలిసి ఆ చిన్న ఇల్లు ఉక్కిరిబిక్కిరిగా ఉండేది. ఈ రోజుకూ ఎక్కడైనా పెట్రోలు వాసన తగిలితే నాకు ముందు చలి వేస్తుంది.

మూడో చలికాలం కనిపెట్టినదానికి ఇంట్లో పెద్ద జగడమే అయింది. ప్లగ్గు తీసిన రంధ్రంలో నాలుగు చుక్కల పెట్రోలు వేస్తే ఇంజను తొందరగా అందుకుంటుందని బాపుకు తెలిసింది. సీసాతో పోస్తే ఎక్కువ పడుతుంది. యుద్ధం వచ్చి పెట్రోలుకు కరువైన రోజులు. అందుకని సాయిలుగాడి ఉగ్గుగిన్నె పట్టుకుపోయాడు. దాని సన్నటి ముక్కుతో చుక్క చుక్క సరిగ్గా పడేది. అవ్వ చూసి ఒంటికాలి మీద లేచింది.

"నీ కారుకు ఉగ్గు పోస్తున్నవా? నా కొడుకు నోట్లె పెట్టేది అది!"

"కడిగిస్త తియ్యే."

"కడిగితే పోతదా ఆ కంపు? రేపు వాడు ఏడ్వకుంట బుర్రుమంటడు, అప్పుడు తెలుస్తది నీకు."

బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు. మర్నాటి నుంచి సాయిలుకు అవ్వ వేలితోనే ఉగ్గు నాకించింది. గిన్నె కారుదైపోయింది.

బాపుకు అక్షరం ముక్క రాదు. అయినా కారు ఎందుకు లేవడంలేదో కనుక్కునే పద్ధతి ఒకటి తనంతట తానే ఏర్పరచుకున్నాడు. బండి ముందర హ్యాండిలు దూర్చి పది సార్లు తిప్పాక కూడా ఇంజను లేవకపోతే ఒక ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, తరువాత వేలితో తడిమేవాడు. "తడి ఉంటే పెట్రోలు వస్తున్నట్టు, నిప్పు పడుతలేనట్టు. పొడి ఉంటే నిప్పు సంగతి తర్వాత, పెట్రోలే వస్తలేనట్టు" అని నాకు చెప్పేవాడు. జ్వరం వచ్చిన పిల్ల నొసలు ముట్టి చూసినట్టు ఇంజను పక్కన చెయ్యి వేసి ఉండేవాడు. ఈలోగా చుట్టుపక్కలవాళ్లు చేరేవారు. పక్కింటి ఎల్లవ్వ బర్రె పాలు పిండుకుంటూ, "పోచన్నా, నీ కారు లేచేటాళ్లకు నా బర్రె ఇంకో దుడ్డెను ఈనుతది" అనేది. బాపు ఇంకో ప్లగ్గు విప్పేవాడు. అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వాలని చూసేదాన్ని, నవ్వు వచ్చేది కాదు. ఎందుకంటే నాకు హ్యాండిలంటే భయం.

స్టీరింగు చక్రం కింద రెండు పుల్లలు ఉండేవి. కుడిది పెట్రోలుది, ఎడమది నిప్పుది. కారు చాలు చేసేటప్పుడు, అంటే ఇంజను లేపేటప్పుడు, ఎడమ పుల్ల పూర్తిగా పైకి ఉండాలి. కిందికి ఉంటే ఇంజన్లో నిప్పు ముందుగా పడి, తిప్పే హ్యాండిలు వెనక్కి తంతుంది. గుర్రం తన్నినట్టు. భిక్నూరు దగ్గర ఒక లారీ అతని చెయ్యి అట్లాగే విరిగిందని బాపు ఒకసారి అవ్వతో చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి బాపు హ్యాండిలు పట్టినప్పుడల్లా నా కళ్లు ఆయన బొటనవేలి మీదే ఉండేవి. బొటనవేలును చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. తన్నినా చెయ్యి జారి బయటపడుతుంది. తిప్పే మనిషి బండి ముందర, పుల్లలు బండి లోపల. అందుకని బాపు నన్ను సీటు మీద కూర్చోబెట్టి ఎడమ పుల్లను పైకి పట్టుకొమ్మనేవాడు. ఇనుప పుల్ల మంచుగడ్డలా ఉండేది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు.

ఆ సంవత్సరం పుష్యమాసంలో చలి విడవకుండా పట్టింది. ఒకే వారంలో మూడుసార్లు కారు లేవక జనానికి రైలు తప్పిపోయింది. పటేలు కొట్టం ముందుకు వచ్చి నిలబడి, "పోచయ్యా, బండి ముసల్దయిందా, నీకు చేతనైతలేదా? నిజామాబాదుల ఒకడున్నడు, తయార్‌గున్నడు. ఇంకొక్కపారి ఆగిందంటే వాన్నే పిలిపిస్త" అన్నాడు. ఆయన అరవలేదు. అందుకే ఎక్కువ భయమైంది. ఆ సాయంత్రం బాపు రెండు ముద్దలు తిని లేచాడు. ఎడ్లబండికి అప్పటికే వేరే మనిషి వచ్చేశాడు. కారు పోతే తిరిగి పోవడానికి ఆ పని కూడా లేదు.

రెండు రోజులకు పటేలు భార్యకు జబ్బు ఎక్కువైంది. నెల రోజులుగా జ్వరం, దగ్గు. పట్నం దవాఖానకు తీసుకుపోవాలి, కామారెడ్డిలో పొద్దుటి రైలు అందుకోవాలి. ఎడ్లబండిలో పోతే రైలు దొరకదు, ఆ కుదుపులకు ఆమె ఆగదు. ఆ పొద్దున అవ్వ కాగు ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు. నేను లేచేసరికే నీళ్లు మసులుతున్నాయి. బాపు అన్నీ వరుసగా చేశాడు. నీళ్లు, ప్లగ్గులు, ఉగ్గుగిన్నె. పటేలు భార్యను ఇద్దరు ఆడవాళ్లు మోసుకొచ్చి వెనక సీటులో పడుకోబెట్టారు. మీద మూడు దుప్పట్లు. పటేలు మూటను కళ్లకద్దుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

బాపు పది సార్లు తిప్పాడు. ఇరవై సార్లు తిప్పాడు. ఇంజను ముక్కి మూలిగి ఆగిపోతోంది. ప్లగ్గు విప్పి చూశాడు. తడిగా ఉంది. నాలుగూ తుడిచి, అవ్వ చేత పరుగున పొయ్యి దగ్గరికి పంపి వెచ్చచేయించి, మళ్లీ బిగించాడు. తూర్పున తెలుపు వచ్చింది. చలిలో ఆయన వీపు మీద అంగీ చెమటకు అంటుకుపోయింది. "రైలు" అన్నాడు పటేలు, అంతే. వెనక సీటులో ఆమె దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు ఆగడంలేదు.

"బిడ్డా, పుల్ల మీదికున్నదా?" బాపు ముందర నుంచి అడిగాడు.

"ఉన్నది బాపు."

ఉంది. ఆ మాట అన్నప్పుడు నిజంగానే పైకి ఉంది. కానీ నా వేళ్లు మొద్దుబారి పోట్లు పెడుతున్నాయి. ఒక్క నిమిషం అనుకుని చేతిని చంక కిందికి పెట్టుకున్నాను. వెనక ఆమె దగ్గు విని తల తిప్పాను. అప్పుడే బాపు తిప్పాడు. ఎండిన కట్టె విరిచినట్టు టప్పుమని శబ్దం వచ్చింది. బండి ఒక్కసారి అదిరింది. నేను ముందుకు తిరిగి చూసేసరికి బాపు కనిపించలేదు. నేల మీద కూర్చుని ఉన్నాడు. పుల్ల కిందికి ఉంది.

"ఏమైందిరా?" అన్నాడు పటేలు.

"ఏం గాలే పటేలా. ఇంకొక్కపారి తిప్పుత."

ఆయన లేచి నా పక్కకు వచ్చాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి తనది కానట్టు వేలాడుతోంది. ముఖంలో రక్తం లేదు. ముందు పుల్లను చూశాడు. తరువాత చంక కింద ఉన్న నా చేతిని చూశాడు. ఎడమచేత్తో పుల్లను పైకి నెట్టి, బండిని భుజంతో ఒకసారి గట్టిగా ఊపాడు. మళ్లీ పుల్లను చూశాడు. ఎందుకు ఊపాడో నేను అడగలేదు. "దిగు బిడ్డా" అన్నాడు. దిగాను. "పటేలా, మీరు ఎక్కుండ్రి. గీ పుల్లను రెండు చేతులతోటి మీదికి దొబ్బి పట్టుండ్రి, వదలొద్దు" అన్నాడు. పటేలును అట్లా ఆజ్ఞాపించినట్టు మాట్లాడిన మనిషిని ఎల్లారెడ్డిలో నేను అంతకుముందు చూడలేదు. బాపు ఎడమచేత్తో హ్యాండిలు పట్టి, కింది నుంచి పైకి ఒక్కటే గుంజు గుంజాడు. ఇంజను అందుకుంది.

తరువాతి సంగతి పటేలే ఊరంతా చెప్పుకున్నాడు. కామారెడ్డి దాకా బాపు ఒంటిచేత్తో చక్రం పట్టాడు. గేరు కడ్డీ పటేలు చేతిలో. "ఎనుకకు గుంజుండ్రి... ఇప్పుడు ముందటికి... పటేలా, అది కాదు, అది బిరేకు!" అని దారి పొడుగునా బాపు చెబుతుంటే, వెనక పడుకున్నామె ఆ జబ్బులో కూడా నవ్విందట. రైలు దొరికింది. ఆమె రెండు నెలలకు బాగై తిరిగొచ్చింది. కానీ ఆ రోజు మాకు అవేమీ తెలియవు. అవ్వ బీడీల చాట ముందు కూర్చుని ఒక్క బీడీ కూడా చుట్టలేదు. "నువ్వు పుల్ల పట్టుకునే ఉన్నవా?" అని నన్ను ఒక్కసారి అడిగింది. నేను తల ఊపాను. అది అబద్ధం. బయట ఏ చప్పుడైనా కారేమోనని ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. మర్నాడు పొద్దు వంగాక బాపు, కారును స్టేషను దగ్గరే వదిలి, ఎవరిదో ఎడ్లబండిలో వచ్చాడు. కామారెడ్డిలో బీబీపేట ముసలాయన ఒకడు వెదురు బద్దలు పెట్టి చేతికి కట్టు కట్టాడు.

ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. బరువుకు పనికిరాదు, హ్యాండిలుకు అసలే పనికిరాదు. నిజామాబాదు డ్రైవరు వచ్చాడు. పటేలు మంచి మాటే అన్నాడు, "నీ తప్పేం లేదు పోచయ్యా, కొత్తోనికి బండి గుణం జెప్పిపో" అన్నాడు. బాపు కట్టు చేతిని మెడకు వేసుకుని కొట్టానికి పోయాడు. వెనకే నేను. ఆయన సీటు మీద కూర్చుని ఎడమ పుల్ల వంక చాలాసేపు చూశాడు. కొత్తతన్ని హ్యాండిలు ఊరికే తిప్పమన్నాడు, మళ్లీ తిప్పమన్నాడు. చివరికి అవ్వ బీడీ కట్టల మూటకు వాడే సుతిలి తెమ్మని నన్ను పంపాడు. తెచ్చి ఇచ్చాను. ఒంటిచేత్తో, పళ్లతో, ఆ పుల్లను పైకి లాగి తాడుతో బిగించి కట్టాడు.

"ఇగ పిల్లలు కూసునే పని లేదు. తాడు కట్టినంక తిప్పు. చాలైనంక ఇప్పు" అని కొత్తతనికి చెప్పాడు. దిగి వచ్చి ఎడమచేత్తో నా చేతిని పట్టుకున్నాడు. "ఇగ చేతులు ఎచ్చగ పెట్టుకో" అన్నాడు.

ఆ మాట నాలో ముల్లులా దిగింది. చూశాడు కదా. చంక కింద నా చెయ్యి చూశాడు. నా పని తాడుకు ఇచ్చాడు. తాడుకు చలి వేయదు, తాడు తల తిప్పదు. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ తరువాత బాపు అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నాడు. వేళ్లు ఆడేవి, మణికట్టు ఆడేది కాదు. కొట్టంలో పొద్దున ఇంజను మూలిగితే చేతిలో ఆకు పట్టుకుని తల ఎత్తి వినేవాడు. "నిప్పు పడుతలేదు" అని మెల్లగా తనలో తనే అనుకునేవాడు. నేను లేచి బయటికి పోయేదాన్ని. అత్తగారింటికి బీర్కూరు పోయేనాడు కూడా ఆ సంగతి ఎత్తలేకపోయాను. కారు పాతసామానుగా పోయేటప్పుడు బాపు ఈ నాలుగు వస్తువులూ అడిగి తెచ్చుకున్నాడని మాత్రం తమ్ముడు చెప్పాడు. బాపు పోయాక పెట్టె వాడి అటక మీదికి చేరింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. మా వాడలో ముసలివాళ్లకు చదువు చెప్పడానికి ఒక పిల్ల మధ్యాహ్నాలు వచ్చేది. నా పేరు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. వత్తులు ఈ రోజుకూ నన్ను తికమక పెడతాయి. ఇప్పుడు నా మనుమడి కారు తాళం తిప్పగానే లేస్తుంది. రెండుసార్లు తిప్పవలసి వస్తే వాడు విసుక్కుంటాడు. వాడిని తప్పు పట్టను. భయపడవలసిన పని లేనివాడికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్లింట్లో కారు కోసం పొద్దున ఎవరూ లేవరు. అది మంచిదే. మా అవ్వ కూడా అట్లా పడుకుని ఉండగలిగితే బాగుండేది.

పెట్టె ముందు కూర్చుని మూటను చేతిలోకి తీసుకున్నాను. లోపల ఏదో గరగరమంది, రేకులాగా కాదు, కాగితంలాగా. బలం పోతుందనే భయం ఇంకా కొంచెం ఉంది. ఎవరి బలం, ఏ కారుది అనుకుని, కోడలిని కత్తెర అడిగి కుట్లు తెంపాను. మంత్రమూ లేదు, యంత్రమూ లేదు. నాలుగు మడతల కాగితం, గుండ్రటి తెలుగు అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను.

"ఈ కారు నడుపువారికి. చలి దినములలో ఉదయం ఇంజను వెంటనే అందుకొనదు. కాచిన నీళ్లు పోయవలెను. ప్లగ్గులు విప్పి నిప్పు దగ్గర వెచ్చచేయవలెను. రంధ్రములలో నాలుగేసి చుక్కల పెట్రోలు వేయవలెను. ముఖ్యము. ఎడమ పుల్లను నిలిపి ఉంచు పండ్లు అరిగినవి. పైకి నెట్టినను ఇంజను అదురుకు జారును. ఒక చేత పట్టియున్నను నిలువదు. తాడుతో కట్టనిదే హ్యాండిలు ముట్టరాదు. నా చెయ్యి ఇట్లే విరిగినది. చదువు రానివారికి ఎవరైనను దీనిని చదివి వినిపించవలెను."

"పట్టియున్నను" దగ్గర ఆగాను. వత్తు సరిగ్గా చదివానా అని మళ్లీ చదివాను. మూడోసారి పైకి చదివాను. బండిని భుజంతో ఊపి పుల్ల వంక చూసిన బాపు కళ్లముందు నిలబడ్డాడు. పుల్ల దానంతట అదే జారుతుందని ఆ క్షణంలోనే కనిపెట్టాడు ఆయన. విరిగిన చేత్తో, రైలు తప్పిపోతుంటే కనిపెట్టాడు. నేను కూడా చూశాననే అనుకున్నాడేమో, అందుకే విడమరిచి చెప్పలేదు. తాడు కట్టింది పుల్ల జారకుండా. నా చేతిని పట్టుకున్నది, అది చల్లగా ఉందని.

"పెద్దత్తా, తాయెత్తుల ఏముండె?" కోడలు పొయ్యి దగ్గరి నుంచి అడిగింది.

"ఇటు రా, చదువుత ఇను" అన్నాను. తడబడుతూనే మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. విని, "ఇంతేనా? నేను బంగారం గింగారం అనుకున్న" అన్నది. నవ్వాను. కాగితం, ప్లగ్గులు, హ్యాండిలు వాళ్లింట్లోనే ఉంచమన్నాను. బస్సు ఎక్కే ముందు సుతిలి తాడును మాత్రం హ్యాండిలు నుంచి మెల్లగా విప్పి నా రొండిన దోపుకున్నాను.